చిక్కి శల్యమైన బిడ్డకు ఆసుపత్రిలో ఆహార చికిత్స

వేసవిలో మేతలేక చిక్కిపోయిన ఎద్దును తొలకరి తరువాత తిరిగి ఎట్లు కండ పట్టించవలెనో అనుభవముగల రైతుకు వేరుగా చెప్పనక్కరలేదు. ఎముకలు తేలిన పశువును చూచి జాలిపడి ఒక్కసారిగా గంపెడు జొన్నలు పెట్టినచో దాని కడుపు పులిసి ఉబ్బును. తెల్లవారునప్పటికి కొట్టములో పడిపోవును. అందుచేత తెలిసినవాడు మొదట ఎండుగడ్డియు, పలుచని కుడితియు కొద్దికొద్దిగా ఇచ్చి, నెమరు సరిగా వేయుట చూచిన పిమ్మటనే దాణా పెంచుకొనుచు వచ్చును. ఆకలిచే చచ్చునట్లున్న జీవికి అధికముగా తిండి పెట్టుట గూడ అపాయమే యను సంగతి మన పల్లెలలో తరతరములుగా తెలిసినదే.

కాని ఇదే సూత్రమును మన ఇంటి బిడ్డ విషయములో మరచిపోవుచున్నాము. ఎండి పుల్లవలె అయిన బిడ్డను ఆసుపత్రిలో చేర్చగా, అచ్చట రెండు గంటల కొకమారు గిన్నెలో కొలిచి కొద్దిపాటి పలుచని పాలే ఇచ్చుట చూచి, "బిడ్డ ఆకలికి చచ్చుచుండగా వీరు పాలు గూడ కడుపునిండ పోయుట లేదు" అని తలపోసి, చాటుగా అన్నమో, రొట్టెయో తినిపించువారు కలరు. మూడు నాలుగు దినములకు బరువు పెరుగలేదని నిరాశచెంది ఇంటికి తీసుకొని పోవువారును కలరు. ఈ రెండు పొరపాట్లును బిడ్డ ప్రాణమునకు ముప్పు తెచ్చును. ఆసుపత్రిలో ఏమి చేయుదురు, ఎందుకు చేయుదురు అను విషయము ముందుగా తెలిసియున్నచో తల్లిదండ్రులు ధైర్యముతో ఆ కొద్ది వారములు నిలువగలరు. ఆ వివరములే ఈ వ్యాసములో ఇవ్వబడినవి.

బిడ్డ తీవ్రముగా చిక్కినట్లు గుర్తించుట ఎట్లు?

తీవ్రమైన పోషకాహార లోపము రెండు రూపములలో కనబడును. మొదటిది బిడ్డ ఎండిపోవుట. పక్కటెముకలు లెక్కించుటకు వీలుగా తేలును. పిరుదుల వద్ద చర్మము వదులై ముడుతలు పడును. ముఖము ముసలివాని ముఖమువలె నుండును. దీనిని వైద్యులు మరాస్మస్ అందురు. రెండవది నీరు పట్టుట. పాదములు, కాళ్ళు, ముఖము ఉబ్బియుండును. జుట్టు పలుచబడి రంగు మారును. చర్మము అచ్చటచ్చట నల్లబడి పొరలుగా ఊడును. బిడ్డ ఎప్పుడును చిరాకుగా, దిగులుగా నుండును. దీనిని క్వాషియార్కర్ అందురు. ఈ రెండవ రకములో బిడ్డ బొద్దుగా నున్నట్లు తోచుటచే తల్లిదండ్రులు మోసపోవుదురు. కొందరు దిష్టి తగిలినదని తాయెత్తు కట్టించి విలువైన దినములు పోగొట్టుకొందురు.

ఇంటివద్ద గాని, అంగన్‌వాడీలో గాని చేయదగిన పరీక్షలు రెండు కలవు. ఆరు నెలలు నిండి ఐదేండ్ల లోపు వయస్సుగల బిడ్డ ఎడమచేతి దండను భుజమునకు మోచేతికి నడుమ కొలతపట్టీతో కొలువవలెను. చుట్టుకొలత 11.5 సెంటీమీటర్లకు తక్కువగా నున్నచో తీవ్రమైన లోపమని అర్థము. అంగన్‌వాడీ కార్యకర్త వద్దనుండు రంగుల పట్టీలో ఈ భాగము ఎరుపుగా నుండును. 11.5 నుండి 12.5 వరకు పసుపు, అంతకు మించినచో ఆకుపచ్చ. రెండవ పరీక్ష: రెండు పాదముల పైభాగమును బొటనవ్రేలితో కొన్ని సెకన్లు మెల్లగా నొక్కి వదలవలెను. రెండు పాదములందును గుంట పడి నిలిచినచో నీరు పట్టినట్లే. పాదములలో నీరున్న బిడ్డకు దండ కొలత ఎంత యున్నను తీవ్ర లోపముగానే భావించవలెను.

ఇట్టి పిల్లలందరును ఆసుపత్రిలో చేరవలసిన పనిలేదు. ఆకలి బాగుగా నుండి, హుషారుగా నుండి, ఇతర జబ్బులు లేని బిడ్డను ఇంటివద్దనే యుంచి, వారము వారము చూపించుచు బాగుచేయవచ్చును. కాని తిండి ముట్టని బిడ్డ, నీరు పట్టిన బిడ్డ, జ్వరము, వాంతులు, విరేచనములు, ఎగశ్వాస గల బిడ్డ, మగతగా పడియుండు బిడ్డ — వీరిని ఆలస్యము చేయక ఆసుపత్రికి చేర్చవలెను. ఆరు నెలల లోపు శిశువు చిక్కిపోవుచున్నను, చనుబాలు త్రాగలేకున్నను వెంటనే వైద్యునికి చూపవలెను.

శరీరము లోపల జరుగు మార్పులు

నీరు చాలని సంవత్సరమున తెలివిగల రైతు ఉన్న నీటిని పొలమంతటికి పారించక, ఒక మడిని మాత్రమే దక్కించుకొనును. ఆకలిగొన్న శరీరమును అట్లే చేయును. మొదట కొవ్వును, పిమ్మట కండను కరగించి వాడుకొనును. అది చాలనప్పుడు పనులు తగ్గించుకొనును. గుండె చిన్నదై మెల్లగా కొట్టుకొనును. కాలేయము, మూత్రపిండములు తమ పని సగము సగముగా చేయును. ప్రేగుల లోపలి పొర పలుచబడి ఆహారమును జీర్ణించుకొను శక్తి తగ్గును. శరీరమును వెచ్చగా నుంచుకొను శక్తియు, రోగములతో పోరాడు శక్తియు క్షీణించును.

శరీర కణములలో ఉప్పును బయటకు త్రోసి, పొటాషియమును లోపల నిలుపు ఏర్పాటొకటి కలదు. ఇది నడచుటకు శక్తి కావలెను. ఆకలివలన ఆ ఏర్పాటు మందగించి, కణములలోనికి ఉప్పు చేరును. పొటాషియము మూత్రము ద్వారా, విరేచనముల ద్వారా బయటకు పోవును. కావున ఇట్టి బిడ్డకు ఉప్పు వేసిన ఆహారము గాని, నరమునకెక్కించు సెలైను గాని తెలియక ఇచ్చినచో, బలహీనమైన గుండె ఆ భారమును భరింపజాలదు. గట్టు పలుచబడిన చెరువులోనికి ఒక్కసారిగా వరద వదలినట్లగును.

ఒక్కమారుగా అధిక ఆహారము ఇచ్చినను ఇట్టి ప్రమాదమే కలదు. నిద్రించుచున్న యంత్రములన్నియు ఒకేసారి పని ప్రారంభించుటచే, రక్తములోని పొటాషియము, ఫాస్ఫేటు మొదలగు లవణములను కణములు లోపలికి లాగికొనును. రక్తములో అవి అకస్మాత్తుగా తగ్గి గుండె ఆగిపోవచ్చును.

ఈ సంగతి లోకమునకు ఎట్లు తెలిసినది?

ఈ జ్ఞానము తేలికగా వచ్చినది కాదు. 1933లోను, 1935లోను సిసిలీ విలియమ్స్ అను వైద్యురాలు నాటి గోల్డ్ కోస్టు, అనగా నేటి ఘనా దేశమునుండి, నీరు పట్టు ఈ వ్యాధిని వర్ణించి వ్రాసినది. క్వాషియార్కర్ అను పేరు అచ్చటి గా భాషలోనిది. తరువాతి బిడ్డ పుట్టినందున తల్లి చంటికి దూరమైన పెద్దబిడ్డకు వచ్చు జబ్బు అని దాని భావము. అచ్చటి తల్లులు కారణమును వైద్యులకంటె ముందే కనిపెట్టిరి.

1945 ఏప్రిలులో జర్మనీలోని బెర్గెన్-బెల్సెన్ నిర్బంధ శిబిరమును బ్రిటిషు సైన్యము విడిపించినది. ఆకలితో అస్థిపంజరములైన బందీలకు సైనికులు జాలితో తమ వద్దనున్న బలమైన ఆహారమును పెట్టిరి. దానిని తట్టుకొనలేక అనేకులు మరణించిరి. పిమ్మట అచ్చటి వైద్యులు పలుచని ఆహారములను ప్రయత్నించిరి. 1943 బెంగాలు కరవులో మన దేశమున వాడిన మిశ్రమము వానిలో ఒకటి.

1950వ దశకములో ఈ జబ్బుకు మూలము మాంసకృత్తుల లోపమేనని తలచి, వానిని అధికముగా ఇచ్చుటకు ప్రయత్నించిరి. మన హైదరాబాదు పరిశోధనలు ఈ అభిప్రాయమును మార్చుటకు తోడ్పడినవి. 1918లో కూనూరులో మెకారిసన్ ప్రారంభించిన పరిశోధనశాల 1958లో హైదరాబాదునకు తరలి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అను పేరు పొందినది. దాని సంచాలకులైన డాక్టరు సి. గోపాలన్ 1968లో ఒక ముఖ్య విషయమును వెల్లడించిరి. ఎండిపోయిన పిల్లల తిండికిని, నీరు పట్టిన పిల్లల తిండికిని పెద్ద తేడా లేదనియు, ఇద్దరికిని మొత్తము ఆహారమే, అనగా శక్తినిచ్చు కెలోరీలే చాలలేదనియు దాని సారాంశము. బిడ్డకు ఖరీదైన మాంసకృత్తుల పొడికంటె ముందు చాలినంత తిండి కావలెనని దీనివలన తేలినది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లో ఈ చికిత్సను పది మెట్లుగా క్రమపరచి ప్రకటించినది. అంతకు పూర్వము అనేక ఆసుపత్రులలో ఇట్టి పిల్లలు నూటికి 20 నుండి 30 మంది వరకు చనిపోవుచుండిరి. బంగ్లాదేశములోని ఢాకాలో క్రమపద్ధతిని పాటించుటవలన మరణములు నూటికి 17 నుండి 9కి తగ్గినట్లు 1999లో ప్రకటింపబడినది. పద్ధతిని శ్రద్ధగా నడపిన చోట 5 లోపునకు గూడ తీసుకొని రావచ్చును. ఈ మార్పునకు కారణము కొత్త మందులకంటె ఎక్కువగా జాగ్రత్తయు, కొలతయు, ఓపికయు అని గ్రహింపవలెను.

మొదటి దశ: ప్రాణమును నిలుపుట

బిడ్డ చేరిన వెంటనే రక్తములోని చక్కెరను పరీక్షించెదరు. అది 54 మిల్లీగ్రాములకు తగ్గినచో నూటికి పది పాళ్ళ గ్లూకోజు లేక పంచదార నీరు 50 మిల్లీలీటర్లు త్రాగించెదరు. ఇట్టి పిల్లలకు ఒక్క రాత్రి తిండి లేకున్నను చక్కెర పడిపోయి తెల్లవారుజామున ప్రాణము పోవచ్చును. అందుచేతనే రాత్రులందు గూడ నిద్ర లేపి పాలు పట్టెదరు. బిడ్డ నిద్రించుచున్నాడని తల్లి ఒక మోతాదును మానిపించరాదు.

రెండవది వెచ్చదనము. చంకలో వేడి 35 డిగ్రీల సెంటీగ్రేడునకు తగ్గుట ప్రమాద సూచన. బిడ్డను తల్లి రొమ్మునకు చర్మము తగులునట్లు ఆనించి, పైన దుప్పటి కప్పి, తలకు టోపీ పెట్టవలెను. స్నానము చేయించినచో వెంటనే తుడిచి కప్పవలెను.

మూడవది రోగక్రిములు. బలహీనమైన బిడ్డకు లోపల చీము, నిమ్ము ఉన్నను జ్వరము రాకపోవచ్చును. జ్వరము గూడ శరీరబలముతో వచ్చునదే. కావున ఆసుపత్రిలో చేరిన ఇట్టి పిల్లలందరికిని జ్వరము లేకున్నను క్రిమినాశక మందులు ఇచ్చెదరు.

విరేచనములున్నచో ప్రత్యేకముగా కలిపిన ద్రావణమును చెంచాతో మెల్లగా, కొలత ప్రకారము పట్టెదరు. అందులో ఉప్పు తక్కువగాను, పొటాషియము ఎక్కువగాను ఉండును. బిడ్డ కండ్లు గుంటలు పడుటయు, చర్మము ముడుత నిలుచుటయు చిక్కిపోవుటవలన గూడ కలుగును. కావున అవి చూచి నీరు తగ్గినదని తొందరపడి సెలైను ఎక్కించరు. "సెలైను పెట్టలేదు, వైద్యము చేయుట లేదు" అని ఆసుపత్రి వారితో వాదించరాదు.

బిడ్డ తెల్లగా పాలిపోయి యున్నను మొదటి దినములలో ఇనుము మందు ఇయ్యరు. దానిని వినియోగించుకొను శక్తి అప్పటికి శరీరమునకు లేకుండుటచే, అది క్రిములకు బలము చేకూర్చును. బిడ్డ కోలుకొని బరువు పెరుగ నారంభించిన పిమ్మటనే ఇనుము ఇచ్చెదరు. పొటాషియము, మెగ్నీషియము, జింకు, విటమినులు మాత్రము మొదటినుండియు అవసరము.

మొదటి పాలు — కొలత

మొదటి దశలో ఇచ్చు పాలకు ఎఫ్-75 అని పేరు. 100 మిల్లీలీటర్లలో 75 కెలోరీలును, 0.9 గ్రాము మాంసకృత్తులును మాత్రమే ఉండును. పాలపొడి లేనిచోట తాజా ఆవుపాలతో గూడ దీనిని తయారు చేయుదురు. 300 మిల్లీలీటర్ల పాలు, 100 గ్రాముల పంచదార, 20 గ్రాముల నూనె, 20 మిల్లీలీటర్ల ఖనిజ లవణ ద్రావణము కలిపి, కాచి చల్లార్చిన నీటితో లీటరు చేయుదురు. పంచదారలో కొంత తగ్గించి బదులుగా ఉడికించిన ధాన్యపు పిండి కలుపుటయు కలదు. ఇది ఆసుపత్రి పద్ధతి తెలియుటకై చెప్పబడినదే గాని, ఇంటివద్ద ఇట్టి బిడ్డకు స్వయముగా చికిత్స చేయుటకు కాదు.

దినమునకు కిలో బరువుకు 130 మిల్లీలీటర్లు ఇచ్చెదరు. 6 కిలోల బిడ్డకు 780 మిల్లీలీటర్లగును. రెండు గంటల కొకసారి, అనగా దినమునకు 12 మార్లు ఇచ్చినచో ఒక్కొక్క మారు 65 మిల్లీలీటర్లు. ఇది చిన్న టీ గ్లాసెడు కంటె గూడ తక్కువ. నీరు ఎక్కువగా పట్టిన బిడ్డకు కిలోకు 100 మిల్లీలీటర్ల చొప్పుననే ఇచ్చెదరు. అట్టి 6 కిలోల బిడ్డకు మారు మారుకు 50 మిల్లీలీటర్లు మాత్రమే. తట్టుకొనుట చూచి క్రమముగా మూడు గంటలకు, పిమ్మట నాలుగు గంటలకు ఒకసారిగా మార్చెదరు. మార్లు తగ్గును, ఒక్కొక్క మారు కొలత పెరుగును. దినము మొత్తము మారదు.

పాలు గిన్నెతోను, చెంచాతోను పట్టవలెను. సీసా వాడరాదు. రెండు మూడు మార్లు వరుసగా ఐదింట నాలుగు వంతులైనను త్రాగనిచో ముక్కు ద్వారా సన్నని గొట్టము వేసి పాలు పంపెదరు. ఇది చూచి తల్లిదండ్రులు భయపడనక్కరలేదు. బిడ్డకు త్రాగు ఓపిక వచ్చువరకే ఆ గొట్టము. చనుబాలు త్రాగు బిడ్డకు ప్రతి మోతాదు నడుమ తల్లిపాలు ఇచ్చుచుండవలెను.

బరువు తగ్గినను బెదరరాదు

ఇచ్చట ఒక ముఖ్య విషయమును గుర్తుంచుకొనవలెను. మొదటి దశలో బరువు పెరుగుట లక్ష్యము కాదు. నీరు పట్టిన బిడ్డకు బరువు తగ్గును గూడ. ఒంటిలో నిలిచిన చెడునీరు మూత్రముగా పోవుటయే దీనికి కారణము. మురుగునీరు నిలిచిన పొలములో నీరు తీసిన తరువాతనే వేళ్ళకు ఊపిరి వచ్చునట్లు, ఈ నీరు పోయిన తరువాతనే బిడ్డ నిజముగా పెరుగ నారంభించును. కాగితము మీద బరువు తగ్గినట్లు కనబడిన ఆ మూడు నాలుగు దినములలోనే చాలమంది తల్లిదండ్రులు "ఇచ్చట బిడ్డ ఇంకను క్షీణించుచున్నాడు" అని తీసుకొని పోవుచున్నారు. నిజమునకు అది గుణము కనబడుచున్న గుర్తు. పాదముల వాపు తగ్గుట, బిడ్డ చుట్టుప్రక్కల చూచుట, గిన్నె కనబడగానే చేయి చాచుట — ఈ మూడింటిని గమనించవలెను. ఆకలి తిరిగి వచ్చుటయే మొదటి విజయము.

రెండవ దశ: తిరిగి పెరుగుట

ఆకలి వచ్చి, వాపు తగ్గుముఖము పట్టిన తరువాత పాలు మార్చెదరు. రెండవ పాలకు ఎఫ్-100 అని పేరు. 100 మిల్లీలీటర్లలో 100 కెలోరీలును, 2.9 గ్రాముల మాంసకృత్తులును ఉండును. ఆవుపాలతో చేసినచో లీటరుకు 880 మిల్లీలీటర్ల పాలు, 75 గ్రాముల పంచదార, 20 గ్రాముల నూనె, ఖనిజ ద్రావణము కలుపుదురు. ఈ మార్పును గూడ ఒక్కసారిగా చేయరు. రెండు దినములు పాత కొలతనే ఉంచి, పాలను మాత్రము మార్చెదరు. పిమ్మట మారు మారుకు 10 మిల్లీలీటర్లు పెంచుచు, బిడ్డ గిన్నెలో కొంత మిగుల్చువరకు పోవుదురు. ఈ దినములలో శ్వాసను, నాడిని లెక్కించుచుందురు. శ్వాస నిమిషమునకు 5, నాడి 25 పెరిగినచో గుండెకు భారము అగుచున్నదని తెలిసికొని కొలత తగ్గించెదరు.

ఈ దశలో బిడ్డ దినమునకు కిలో బరువుకు 150 నుండి 220 కెలోరీల వరకు తీసికొనును. దినమునకు కిలోకు 10 గ్రాములు, అనగా 6 కిలోల బిడ్డ దినమునకు 60 గ్రాములు పెరిగినచో చికిత్స బాగుగా సాగుచున్నట్లు. వారమునకు ఇది 420 గ్రాములగును. ఆరోగ్యముగానున్న ఏడాది బిడ్డ నెల అంతకు పెరుగునది సుమారు 200 గ్రాములే. ఆకలి తీరిన బిడ్డ శరీరము పోయినదానిని ఎంత ఆత్రముతో తిరిగి కూడబెట్టుకొనునో దీనినిబట్టి తెలియును. కిలోకు 5 గ్రాములకంటె తక్కువ పెరిగినచో ఏదో లోపమున్నదని, కొలతయందో, దాగియున్న జబ్బునందో వెదకెదరు.

వేరుశనగ పండించు రైతులు తెలిసికొనదగిన విషయము ఒకటి కలదు. 1996 ప్రాంతమున ఫ్రాన్సు దేశములో ఎఫ్-100 లోని పాలపొడిలో కొంత భాగమునకు బదులుగా వేరుశనగ ముద్దను చేర్చి, నీరు కలుపనక్కరలేని పేస్టుగా తయారు చేసిరి. 92 గ్రాముల పొట్లములో 500 కెలోరీలు ఉండును. నీరు లేనందున క్రిములు సులభముగా పెరుగవు. ఆఫ్రికాలోని అనేక దేశములలో లక్షలాది పిల్లలు ఈ ముద్దతో ఇంటివద్దనే కోలుకొనిరి.

ఆట, మాట

ఆకలిగొన్న బిడ్డ ఆడడు, ఏడువడు, నవ్వడు. శరీరమువలెనే మనస్సును ముడుచుకొని యుండును. దానిని తిరిగి తెరచుట గూడ చికిత్సలో భాగమే. దినమునకు 15 నుండి 30 నిమిషములు బిడ్డతో కూర్చుండి ఆడించవలెను. ఖాళీ డబ్బాలో గింజలు వేసి మూత గట్టిగా బిగించి చేసిన గిలక, గుడ్డ బంతి, కొబ్బరి చిప్పలు చాలును. పాట పాడుచు పాలు పట్టినచో బిడ్డ ఎక్కువ త్రాగును. ఈ పని మందులవాడు చేయలేడు. తల్లియో, తాతయో, నాయనమ్మయో చేయవలసినదే.

మధ్యలో తీసుకొని పోవుటవలన నష్టము

మన దేశమున ఇట్టి పిల్లలకై ప్రభుత్వ ఆసుపత్రులలో పోషకాహార పునరావాస కేంద్రములు నెలకొల్పబడినవి. 2011లో కేంద్ర ప్రభుత్వము వీనికి నియమావళి ప్రకటించినది. చికిత్సతోపాటు తల్లికి భోజనమును, కూలి నష్టమునకు కొంత సొమ్మును ఇచ్చు ఏర్పాటు ఆ నియమావళిలో కలదు. మీ గ్రామములోని ఆశా కార్యకర్తను అడిగినచో వివరములు చెప్పును.

అయినను నాట్లు, కలుపు, కోతలు, ప్రత్తి తీత వచ్చినప్పుడు తల్లులు మధ్యలోనే బయలుదేరుచున్నారు. ఇంటివద్ద మరొక బిడ్డ, పాడి గేదె, ముసలి అత్త యుందురు. ఈ కష్టము నిజమైనదే. దీనిని తల్లిమీదనే వేయక ఇంటి మగవారు, బంధువులు పంచుకొనవలెను. పైరు పొట్టదశలో నుండగా నీరు కట్టివేసిన రైతు ఉండడు గదా! రెండవ దశలోనున్న బిడ్డను తీసుకొని పోవుట అట్టిదే. అప్పటికి ఖర్చు, శ్రమ అంతయు పెట్టియుందుము. ఫలము మాత్రము చేతికి రాదు. బిడ్డ తిరిగి పడిపోయినచో రెండవమారు లేచుట మరింత కష్టము.

ఇంటికి వచ్చిన తరువాత

ఇంటికి వచ్చిన బిడ్డకు దినమునకు ఐదారు మార్లు తిండి పెట్టవలెను. బిడ్డ కడుపు చిన్నది. పెద్దలతోపాటు రెండు పూటలు పెట్టిన చాలదు. పలుచని గంజి కడుపు నింపును గాని బలమియ్యదు. చెంచాపై నిలుచునంత చిక్కగా నుండవలెను. చెంచాడు నూనె గాని, నెయ్యి గాని కలిపినచో పరిమాణము పెరుగకయే శక్తి పెరుగును. రాగులను నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెట్టి, దోరగా వేయించి విసరిన పిండిని కొద్దిగా కలిపినచో చిక్కని జావ గూడ పలుచనై, ఎక్కువ పిండి పట్టును, బిడ్డ సులభముగా మ్రింగును. మొలకలలో పుట్టు ద్రవ్యము పిండిని విడగొట్టుటయే దీనికి కారణము.

జాతీయ పోషకాహార సంస్థవారు రూపొందించిన హైదరాబాదు మిశ్రమము మన ఇండ్లలో దొరకు వస్తువులతోనే తయారగును. వేయించిన గోధుమలు 40 గ్రాములు, వేయించిన శనగపప్పు 16 గ్రాములు, వేయించిన వేరుశనగ పప్పు 10 గ్రాములు, బెల్లము 20 గ్రాములు. గింజలను విసరి బెల్లపు పొడి కలిపి ఉంచుకొనవలెను. ఈ 86 గ్రాములలో 330 కెలోరీలును, 11 గ్రాములకు పైగా మాంసకృత్తులును లభించును. గోధుమలు లేనిచో జొన్నలు, రాగులు వాడవచ్చును. అంగన్‌వాడీలో ఇచ్చు బాలామృతమును ఆ బిడ్డకే పెట్టవలెను గాని ఇంటిల్లిపాదికి పంచరాదు.

వేరుశనగ విషయములో ఒక హెచ్చరిక అవసరము. 1960లో ఇంగ్లండులో బూజుపట్టిన వేరుశనగ చెక్క తిని లక్షకు పైగా టర్కీ కోళ్ళు చనిపోగా, ఆ బూజునుండి పుట్టు అఫ్లాటాక్సిన్ అను విషము బయటపడినది. ఇది కాలేయమును చెరచును. చిక్కిన బిడ్డ కాలేయము ముందే బలహీనము. కావున కాయలను తేమ 8 శాతమునకు మించకుండ ఎండబెట్టి నిలువచేయవలెను. ముడుతపడిన, రంగు మారిన, బూజుపట్టిన గింజలను ఏరి పారవేయవలెను. వేయించుటవలన గాని, ఉడికించుటవలన గాని ఈ విషము పూర్తిగా పోదు. అమ్మకమునకు పనికిరాని తాలుగింజలు ఇంటి పిల్లలకు పెట్టు అలవాటు మానవలెను.

పాడియున్న ఇంట పాలన్నియు కేంద్రమునకు పోసి, బిడ్డకు నీళ్ళ మజ్జిగ మిగుల్చుట చూచుచున్నాము. కోళ్ళున్న ఇంట గ్రుడ్లన్నియు అంగడికి పోవుచున్నవి. దినమునకు గ్లాసెడు పాలు, ఒక గ్రుడ్డు ఇంట నిలుపుకొనుట నష్టము కాదు.

జ్ఞాపకముంచుకొనవలసినవి

1. నెలకొకసారి బిడ్డ దండ కొలిపించి, పాదములు నొక్కి చూడవలెను. 11.5 సెంటీమీటర్ల లోపున్నను, గుంట పడినను వెంటనే చూపవలెను.

2. ఆసుపత్రికి పోవు దారిలో బిడ్డను ఒంటికి ఆనించి వెచ్చగా ఉంచవలెను. తెలివితో నున్న బిడ్డకు, 50 మిల్లీలీటర్ల కాచిన నీటిలో ఒక చెంచా పంచదార కలిపి కొద్దికొద్దిగా పట్టవలెను. చనుబాలు మానరాదు.

3. ఆసుపత్రిలో ఇచ్చు కొలతకు మించి ఏమియు పెట్టరాదు. రాత్రి మోతాదు తప్పించరాదు.

4. మొదటి దినములలో బరువు పెరుగనందుకు, తగ్గినందుకు నిరాశ చెందరాదు.

5. వైద్యులు పంపువరకు ఉండవలెను. తరువాత వారు చెప్పిన తేదీలకు తప్పక చూపించవలెను.

6. ఆరు నెలలవరకు తల్లిపాలు మాత్రమే ఇచ్చి, పిమ్మట చిక్కని మెత్తని ఆహారము ప్రారంభించి, రెండేండ్ల వరకు గూడ చనుబాలు కొనసాగించినచో చాలమంది పిల్లలకు ఈ స్థితి రాదు.

విత్తనము మొలచిన తరువాత మొదటి వారములలో నారు దెబ్బతిన్నచో, పిమ్మట ఎంత ఎరువు వేసినను ఆ లోటు పూర్తిగా తీరదు. బిడ్డ జీవితములో మొదటి రెండు మూడు సంవత్సరములు అట్టివే. నారుమడిని రేయింబవళ్ళు కాచు రైతు తన ఇంటి బిడ్డ దండను నెలకొకమారు కొలుచుట మరువకుండుగాక!